మా చిక్కటి మావయ్య

మా మావయ్య దేన్నీ పలచగా ఉండనివ్వడు. ఏ గిన్నెలోనైనా, ఏ గ్లాసులోనైనా కాస్త జారుడుగా ఏదైనా కనబడిందా, ఆయన చెయ్యి తనంతట తానే చొక్కా జేబులోకి పోతుంది. ఆ జేబులో ఒక చిన్న డబ్బా, అందులో తెల్లటి పొడి. చిటికెడు పడితే చాలు, నీళ్ళు కాస్తా జిగురైపోతాయి.

ఆ పొడి మా ఫ్యాక్టరీ సరుకే. సముద్రంలో తాళ్ళు కట్టి పెంచిన నాచు పడవల్లో మా దగ్గరకు వస్తుంది. ఉప్పు పోయేదాకా కడిగి, తరిగి, చాకలి సోడా కలిపిన నీళ్ళలో ఉడికిస్తే అందులోని జిగురంతా దిగుతుంది. దాన్ని వడకట్టి, ఆరబెట్టి, పొడి కొడతాం. టూత్‌పేస్టు కారిపోకుండా, ఐస్‌క్రీము గరగరలాడకుండా కాపాడేది అదే. ఉడకబెట్టే గదికి మావయ్యే పెద్ద. ఆయనకు పని నేర్పింది పాత మేస్త్రీ. పక్షవాతం వచ్చి ఇంటిపట్టున ఉండిపోయేదాకా, టీ పడనిదే ఆ మేస్త్రీ బాయిలరు ముట్టుకున్న పాపాన పోలేదు. నాది పక్కనే పొడి నాణ్యత చూసే ల్యాబు. ఉండేది మావయ్య ఇంట్లోనే కాబట్టి, ఇంటికొచ్చినా నాకు అదే ఉద్యోగం.

ఒకసారి అత్తయ్య షాంపూ పలచబడిందని అందులో పొడి కలిపాడు. పొద్దున తలకు పోసుకోవడానికి వెళ్ళిన అత్తయ్య మధ్యాహ్నానికి గానీ బయటికి రాలేదు.

ఇంకోసారి ఫ్యాక్టరీ యజమాని ఇంటికొస్తే నిమ్మరసం ఇచ్చాం. ఆయన గ్లాసు వంచాడు. ఏమీ రాలేదు. ఇంకాస్త వంచి, అడుగున తట్టాడు. అప్పుడు మొత్తం ఒక్క ముద్దగా వచ్చి ఒళ్ళో పడింది.

"పులుపు తగిలితే గడ్డకడుతుందండీ!" అని మావయ్య మహా సంబరంగా వివరించాడు. ఆ ఏడాది ఆయనకు ప్రమోషన్ రాలేదు.

ఇవన్నీ ఒక ఎత్తు, టీ ఒక ఎత్తు. కొన్నాళ్ళుగా మా టీ మీద పడ్డాడు. పాలు తగిలితే చాలు, మా పొడి ముద్దలు కడుతుంది.

"మావయ్యా, దీన్ని తాగాలా, నమలాలా?"

"ముద్దలున్నాయా? పెద్దవా, చిన్నవా?"

"చిన్నవే. నాలుక మీద జారుతున్నాయి."

"భేష్! నిన్న అంగిట్లో అంటుకున్నాయన్నావు."

"ఏమండీ, చంటిపిల్లకి ఉగ్గు పోసినట్టు ఏంటండీ ఇది?" అని అత్తయ్య తన కప్పు తీసుకెళ్ళి మొక్కకు పోసింది. మొక్క కూడా దాన్ని తాగలేదు, సాయంత్రం దాకా మట్టి మీదే నిలబడింది.

ఈలోగా ఫ్యాక్టరీకి ఎర్ర నాచు రకమొకటి కొత్తగా వచ్చింది. మావయ్య గుప్పెడు అడిగి తెచ్చుకుని విడిగా ఉడికించాడు. ఒక పొద్దున నేను పేపరు చూస్తూ టీ తాగి కప్పు కింద పెట్టాను. తలెత్తితే ఎదురుగా మావయ్య, గుడ్లప్పగించి.

"ఏమీ అనలేదేం?"

"ఏమనాలి? టీ టీలాగే ఉంది. పాలు చిక్కగా ఉన్నాయి. పాలవాడు మారాడా?"

అంతే! మావయ్య అత్తయ్యను పట్టుకుని గిర్రున తిప్పేశాడు. "వదలండీ, పిల్ల చూస్తోంది!" అని ఆవిడ కేకలు. ఫ్లాస్కు నింపుకుని, ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి అత్తయ్య చెప్పు వేసుకుని పరుగు. పొడి డబ్బా బల్ల మీదే మర్చిపోయాడు. అది లేకుండా ఆయన గడప దాటడం నేనెన్నడూ చూడలేదు. కంగారుపడి, దాన్ని పట్టుకుని వెనకే వెళ్ళాను.

వీధి చివర మేడ మీద గది. మేస్త్రీ ఉండేది అక్కడే. గుమ్మంలో ఆయన కూతురు నన్ను ఆపి గుసగుసగా చెప్పింది.

"పలచనిది ఏది తాగినా నాన్నకి పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతోందమ్మా. డాక్టరు చిక్కగా చేసి ఇమ్మన్నాడు. జావ తాగే ఖర్మ నాకేంటని కప్పు తోసేస్తాడు. ఒంట్లో నీళ్ళు లేక మొన్న ఆసుపత్రిలో పెట్టాం. ఎవరికీ చెప్పొద్దని మీ మావయ్యతో ఒట్టు వేయించుకున్నాడు."

లోపల మేస్త్రీ వంకర తిరిగిన పెదవులతో ఒక గుక్క తాగాడు. మావయ్య ఆయన గొంతుకేసే చూస్తున్నాడు. దగ్గు రాలేదు. ఇంకో గుక్క. కప్పు ఖాళీ అయింది.

"చక్కెర తక్కువైందిరా, వెధవా," అన్నాడు మేస్త్రీ.

ప్రమోషన్ వచ్చి ఉన్నా మావయ్య ముఖం అలా వెలిగేది కాదు.

మెట్లు దిగుతూ అడిగాను. "టీ ఎవరి కోసమో చెప్పకపోయినా, పరీక్ష అనైనా చెప్పొచ్చుగా, మావయ్యా?"

"చెబితే మొహమాటానికి బాగుందంటారు. నాకు కావలసింది వంకలు పెట్టే నోళ్ళు. మనింట్లోకన్నా మంచివి ఎక్కడ దొరుకుతాయి?"

నాకు ఆయన మీద చెప్పలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది. డబ్బా ఆయన జేబులో వేశాను. "పోనీలే, ఇకనుంచి మా టీ మాకు మామూలుగా ఇస్తావు కదా?"

"ఓ! టీ అయిపోయిందిగా. ఇక మంచినీళ్ళు. అదే కష్టం, తల్లీ. నీళ్ళలో ఏ చిన్న తేడా ఉన్నా ఇట్టే తెలిసిపోతుంది. సాయంత్రం ఒక గ్లాసు తాగి పెడతావా?"

"ముద్దలుంటే ఊరుకోను."

"ఊరుకోకు!" అన్నాడు మావయ్య, అత్తయ్య చెప్పు టపటపలాడించుకుంటూ.