గెలిచినోడు గమ్మునుండాల

పోయిన ఆదివారం పొద్దున వాకిట్లో కూర్చుని విత్తనాలకు వేరుశనక్కాయలు వలుస్తుంటే ఫోనులో ఒక ఫోటో వచ్చింది. పెనుకొండ బస్టాండు దగ్గరి హోటల్లో బల్ల మీద రెండు ప్లేట్ల బొరుగుల ఉగ్గాని, పక్కన మిరపకాయ బజ్జీలు. కింద ఒకే ఒక్క ముక్క: "గెలిచినాము సార్. గమ్మున కూచోని ఇంటాండా." పంపిన అమ్మాయి ఒకప్పుడు హిందూపురం కాలేజీలో నా ఖోఖో జట్టుకు కెప్టెన్. ఇప్పుడు అదే కాలేజీలో, నేను దిగిపోయిన కుర్చీలోనే పి.డి., అంటే పిల్లల చేత ఆటలాడించే మేడమ్. ఎదుటి ప్లేటు ఓడిపోయిన ధర్మవరం కాలేజీ పి.డి.ది. నేను పెట్టిన కేకకు చేతిలోని చేట కింద పడింది, లోపలి నుంచి మా ఆవిడ పరుగెత్తుకొచ్చింది. నా గొంతు అలాంటిది. నేను మైదానంలో అరిస్తే రోడ్డు మీద పోయే బస్సు ఆగుతుందని పిల్లలు చెప్పుకునేవాళ్లు.

ఈ పెనుకొండ ఆచారం మొదలైంది కూడా నా నోటి వల్లే. ఉద్యోగంలో చేరిన ఏడు మా పిల్లలు ధర్మవరం చేతిలో చిత్తుగా ఓడిపోయారు. కోపం పట్టలేక, నాకంటే పదిహేనేళ్లు పెద్దాయన అని కూడా చూడకుండా, ధర్మవరం సారు మీదికి పోయాను. మీ పిల్లలది గెలుపే కాదు, వాళ్లకు స్తంభం దగ్గర తిరగడమే రాదు, ఫలానా అమ్మాయి సగం ఆటకే రొప్పుతోంది అని మైదానమంతా వినపడేలా కడిగేశాను. సన్నగా, తెల్ల చొక్కాలో నిలబడి ఆయన అంతా విన్నాడు. "ఇంగా ఉండాయా?" అన్నాడు. ఉన్నాయన్నాను. "అట్లయితే ఈడ వద్దప్పా. ఆదివారం పెనుకొండకు రా. నీకూ నాకూ నడిమధ్య ఊరు. కూచోని చెప్దువు, రాసుకుంటా." ఎగతాళి అనుకున్నాను. వెళ్లి చూస్తే నిజంగానే నోటుపుస్తకంతో కూర్చుని ఉన్నాడు. వాళ్లది మగ్గం ఇల్లు. చీర కోసేముందు వాళ్ల నాయన పక్కింటి నేతగాడిని పిలిచి తప్పులు చూపించమనేవాడట. "సొంత చీరలో తప్పు సొంత కంటికి ఆనదప్పా," అన్నాడు. ఆ రోజే నియమం పెట్టాడు. ఓడినవాడు మాట్లాడాలి, గెలిచినవాడు టిఫిను పెట్టించి గమ్మున వినాలి, ఎదురు చెప్పకూడదు.

ఇందులో తిరకాసు నాకు అర్థం కావడానికి రెండేళ్లు పట్టింది. ఈ ఏడు నేను చెప్పిన తప్పు వచ్చే ఏటికి వాళ్ల జట్టులో కనపడేది కాదు. మళ్లీ మేమే ఓడేవాళ్లం, మళ్లీ నేనే పెనుకొండకు పోయి ఉగ్గాని తింటూ వాళ్ల తప్పులు ఏకరువు పెట్టేవాణ్ని. మా ఆవిడది మడకశిర, మాట దాచుకునే రకం కాదు. "నెలనెలా దుడ్లిచ్చేది హిందూపురమోళ్లు, మీరు చాకిరీ చేసేది ధర్మవరమోళ్లకు!" అంది. సిగ్గేసింది. అయినా ఆదివారం వస్తే కాళ్లు ఆగేవి కావు. నేను చూసింది చూసినట్టు వినేవాడు జిల్లా మొత్తానికి ఆయనొక్కడే. అసూయ ఉండేది, అంతకు మించిన గౌరవం ఉండేది. ఒక్కసారైనా ఆయన మీద గెలిచి, నోరు మూసుకుని ఆయన ముందు కూర్చోవాలన్నది నా కోరిక.

అయిదో ఓటమి తర్వాత ఆయన, "వచ్చే ఏడే నా ఆఖరప్పా, రిటైరైపోతా," అన్నాడు. మిగిలింది ఒకే ఒక్క అవకాశం. ఆ ఏడు నా కంటికి ఒక బంగారం లాంటి తప్పు దొరికింది కూడా. వాళ్ల జట్టులో అందరికంటే చురుకైన పిల్ల "ఖో" ఇచ్చే ముందు కుడి భుజం రవంత వంచుతుంది. అది కనిపెడితే చాలు, పరుగెత్తే పిల్ల ముందే తప్పుకోవచ్చు. చెప్పకూడదనుకునే వెళ్లాను. బజ్జీలు చల్లారిపోయాయి. ఆయన పెన్ను తెరిచి పట్టుకుని, బడిపిల్లాడిలా నా మొహం చూస్తూ కూర్చున్నాడు. ఆ చూపు ముందు దాచడం నా వల్ల కాలేదు, చెప్పేశాను. ఆయన బల్ల మీద ఒక్క చరుపు చరిచాడు. "అబ్బా! రెండేండ్లుగా చూస్తాండా, నాకు కనపడ్లేదు గదప్పా!" పుస్తకం మూసి, మొదటిసారి నియమం తప్పాడు. "నేనూ ఒకటి చెప్తా, ఇను. నీ పిల్లోళ్లలో ఏ తప్పూ లేదు. అడుగడుక్కీ వాళ్లు నీ తట్టు చూస్తాండారు, నువ్వు అరుస్తాండావని. ఆ చూసే లోపల మావాళ్లు పట్టుకుంటాండారు. నువ్వు గమ్మునుండు, చాలు."

ఆ మాటకు నాకు నాలుగు రోజులు అన్నం సయించలేదు. అయిదో రోజు నుంచి జేబు నిండా వేయించిన వేరుశనక్కాయలు పోసుకుని మైదానానికి పోయాను. అరుపు వచ్చినప్పుడల్లా నోట్లో నాలుగు గింజలు. మొదట్లో పిల్లలు దిక్కులు చూశారు. తర్వాత ఒకరినొకరు చూసుకోవడం నేర్చుకున్నారు. మరుసటి ఏడు పోటీ పెనుకొండలోనే. వాళ్ల చురుకైన పిల్ల భుజం నిటారుగా నిలబెట్టుకుని వచ్చింది. ఆఖరి నిమిషానికి మేము ఒక్క పాయింటు ముందున్నాం. మా కెప్టెన్ని, అదే ఈ ఫోటో పంపిన అమ్మాయిని, ముట్టుకుంటే ఆ ఒక్కటీ పోతుంది. పాత అలవాటు కొద్దీ ఆమె నా వైపు చూడబోయింది. నేను గుప్పెడు గింజలు నోట్లో పోసుకుని కొండ వైపు తిరిగాను. ఆమె ఫక్కున నవ్వి, నన్ను వదిలేసి, కూర్చున్న పిల్లల మధ్య నుంచి సందు సందుకూ దూరుతూ పరుగెత్తింది. ఈల మోగేసరికి ఆమె అందరి చేతులకూ జానెడు దూరంలో ఉంది. గెలిచాం! అరుద్దామంటే నోటి నిండా వేరుశనగ, పొరబోయి కళ్ల వెంట నీళ్లు. నా వీపు మీద గట్టిగా తట్టి నీళ్ల చెంబు అందించింది ధర్మవరం సారే.

ఆ ఆదివారం గెలిచినవాడి కుర్చీలో కూర్చున్నాను. ఆయన ఆరేళ్ల బాకీ తీర్చుకుంటున్నట్టు వేళ్లు మడిచి తొమ్మిది తప్పులు చెప్పాడు. మా కెప్టెన్ స్తంభం దగ్గర రెండడుగులు వృథా చేస్తుందట, నేను పిల్లల చేత మరీ ఎండలో సాధన చేయిస్తానట. ఒక్కో మాటకూ నాకు పూలదండ వేసినట్టే ఉంది. నోరు మెదపలేదు.

మొన్న ఆ ఫోటో చూసి, అమ్మాయిని అన్నీ అడిగి తెలుసుకుని, పట్టలేక ధర్మవరం సారుకు ఫోను చేశాను. ఎనభై దాటినా గొంతు మారలేదు. మా అమ్మాయి గెలిచిందని, పెనుకొండ పోయిందని చెప్పాను.

"తప్పులెన్ని చెప్పినాడంట మావోడు?" అన్నాడు.

"ఏడంట సార్."

"నీకు తొమ్మిది చెప్పింటి," అన్నాడు, నిన్నటి మాటలా.

ఇన్నేళ్లూ ఊరికే పోలేదు. మా హిందూపురానికి రెండు తప్పులు తగ్గాయి.