సిసింద్రీల్లో పాటలు

కళాకారుడి చేతిరాత ఉన్న కాగితం ఎక్కడ కనబడినా జగ్గారావుగారు వదిలిపెట్టరు. అది చిరిగిందా, మాసిందా, దానిమీద ఎవరైనా పకోడీలు తిన్నారా అన్నది ఆయనకు అనవసరం. నాటకాలాడేవాడో, పాట కట్టేవాడో, బొమ్మ వేసేవాడో దానిమీద చెయ్యి పెట్టాడంటే చాలు, ఆ కాగితం అమలాపురంలో ఆయన ఇంటికి చేరాల్సిందే. కొబ్బరికాయల వర్తకం చేసుకునే మనిషికి ఈ పిచ్చి ఎప్పుడు పట్టిందో, ఎందుకు పట్టిందో ఊళ్ళో ఎవరికీ తెలియదు.

నాటకాల తెరలమీద బొమ్మలు వేసే రాఘవులుకి ఈ పిచ్చి దెబ్బ అందరికంటే ఎక్కువ తగిలింది. అంతఃపురం తెరకో, అడవి తెరకో ముందుగా కాగితంమీద గీసుకుని, నచ్చక ఉండచుట్టి గుమ్మంలోకి విసిరితే, ఆ ఉండ నేలమీద పడేది కాదు. జగ్గారావుగారి చేతిలో పడేది.

"అది పనికిరాదండి, పారెయ్యండి," అనేవాడు రాఘవులు.

"నీకు పనికిరాదు. రేపు పుట్టేవాడికి పనికొస్తుంది. నువ్వు ముందు ఏనుగుని ఎలా గీసి, ఎందుకు మార్చేవో వాడికి తెలియొద్దా?"

"అది ఏనుగు కాదండి. కొండ."

"చూసేవా మరి. ఇది కూడా రాసిపెట్టాలి."

ఒకసారి రాఘవులు కుంచె తుడిచి పారేసిన కాగితం కూడా పట్టుకుపోయి, 'అడవి, తొలిదశ' అని చీటీ అంటించి దాచారు. అందులో అడవి లేదు. పచ్చరంగు మరక, దాని పక్కన రాఘవులు బొటనవేలు ముద్ర, అంతే.

రాజోలులో ఒక పెళ్ళికి వెళ్ళినప్పుడు, పంక్తిలో పక్కన కూర్చున్న కవిగారికి హఠాత్తుగా పద్యం తట్టింది. కాగితం లేక అరిటాకుమీద గోటితో గీసుకున్నారు. జగ్గారావుగారు ఆయన చేత వేరే ఆకులో భోజనం చేయించి, ఆ ఆకు ఇంటికి తెచ్చారు. ఆరడానికి అరుగుమీద పెడితే ఆవొచ్చి సగం తినేసింది. మిగిలిన సగం ఎండి పెళుసైపోయి ఇప్పటికీ పెట్టెలో ఉంది. దానికో చీటీ: 'రెండు పాదాలు లభ్యం. రెండు పాదాలు ఆవు తిన్నది.'

ఇంట్లో గదులన్నీ ఇనప్పెట్టెలే. వేపాకు, కర్పూరం వాసన వీధి మలుపులోకే వచ్చేది. మనుషులు అరుగుమీద పడుకుంటే, కాగితాలు గదుల్లో పడుకునేవి. ఆయన భార్య సూర్యావతిగారు ఏమీ అనేది కాదు. పెద్దల్లుడు వచ్చి తలగడ అడిగితే ఆయన ఒక బుర్రకథ కట్ట ఇవ్వబోయినప్పుడు మాత్రం, "అది గట్టిగా ఉంటుందండీ, హరికథ ఇవ్వండి," అంది.

అవి ఆంధ్ర రాష్ట్రం ఇదిగో వస్తుంది, అదిగో వస్తుంది అనుకుంటున్న రోజులు. దీపావళి దగ్గరపడింది. ఒకరోజు పొద్దున్నే రాఘవులు తెరమీద మామిడితోపు వేస్తూంటే, జగ్గారావుగారు కాళ్ళకు చెప్పుల్లేకుండా, చొక్కాకి ఒక చెయ్యి మాత్రమే తొడుక్కుని పరిగెత్తుకొచ్చారు.

"రాఘవులూ, సైకిలు తియ్యి. కామేశంగారిని కాల్చేస్తున్నారు."

రాఘవులు చేతిలో కుంచె ఆగిపోయింది. "ఆయన్ని వేసవిలోనే దహనం చేసేం కదండీ."

"ఆయన్ని కాదు, ఆయన కాగితాల్ని."

హార్మోనియం కామేశంగారు కోనసీమ నాటకాలకు పాటలు రాసి, వరసలు కట్టి, ఊరూరా వాయించి, వేసవిలో కాలం చేశారు. జీవితమంతా రాసినవి ఒక రేకు పెట్టెలో ఉన్నాయి. ఏడాది తిరక్కుండా అడగడం మర్యాద కాదని జగ్గారావుగారు మనసు ఉగ్గబట్టుకుని కూర్చున్నారు. ఇంతలో కామేశంగారి భార్య మాణిక్యంగారు పెట్టెతో సహా ఆ కాగితాలను కొత్తపేటలో సిసింద్రీలు చుట్టే గంగరాజుకు అమ్మేసిందట.

రాఘవులు సైకిలు తొక్కాడు. జగ్గారావుగారు వెనక కూర్చున్నారు. ఆయన మంచి భారీ మనిషి కావడంతో ముందు చక్రం నేలమీద ఉన్నంతసేపు గాల్లోనూ ఉంది. కాలవగట్టు పొడుగునా ఆయన ఒకటే గోల.

"తొందరగా తొక్కు రాఘవులూ. ఈపాటికి పల్లవులు చుట్టేసుంటారు."

"మీరు కొంచెం కదలకుండా కూర్చోండి. ఇద్దరం కాలవలో పడతాం."

"పడితే పడదాం. కొత్తపేట వైపు పడేలా చూడు."

గంగరాజు పెరట్లోకి అడుగుపెట్టేసరికి ఆడవాళ్ళు వరసగా కూర్చుని గొట్టాలు చుడుతున్నారు. రెండు పెద్ద బుట్టలు సిసింద్రీలతో నిండిపోయి ఉన్నాయి. గంగరాజు ఎదురొచ్చి ఎంతో మర్యాదగా పీట వేశాడు.

"ఆయ్, దయచెయ్యండి. ఈ ఏడు కాగితం భలేది దొరికిందండి. గట్టి కాగితం. సిసింద్రీ తిన్నగా పోతందండి."

"ఒక్కటి కూడా కాల్చలేదు కదా?" అన్నారు జగ్గారావుగారు, పీటమీద కూర్చోకుండానే.

"ఒకటి పరీక్షకి కాల్చేనండి."

"అందులో ఏముంది?"

"మందేనండి."

"మందు కాదయ్యా. ఏ పాట?"

గంగరాజు రాఘవులు వైపు చూశాడు. రాఘవులు సైకిలు వైపు చూశాడు.

"ఎటు పోయింది?" అన్నారు జగ్గారావుగారు.

"అదిగోనండి, ఆ అరటితోటలోకి."

ఆయన పంచె ఎగ్గట్టి తోటలోకి పోయి, మోకాళ్ళమీద పాకి, కొస కాలిన ముక్కొకటి పట్టుకొచ్చారు. దాని మీద 'రావేల మోహనాంగ' అన్నంత వరకూ ఉంది. రావడం ఎందుకు ఆలస్యమైందో కాలిపోయింది.

బేరం చిటికెలో తెగింది. గంగరాజుకు కాకినాడ నుంచి అంతకంత కొత్త కాగితం తెప్పించి ఇవ్వాలి, మందు గంగరాజుదే, కాగితం జగ్గారావుగారిది. చిక్కల్లా విప్పడంలో వచ్చింది.

"నీళ్ళల్లో ముంచి విప్పండి బాబూ. పొడిగా విప్పితే ఎక్కడ నిప్పు తగిలినా అందరం పోతాం," అంది గంగరాజు భార్య.

"ముంచితే సిరా పోతుందమ్మా. పాట పోతుంది."

"మరి మేం పోతేనో?"

జగ్గారావుగారు ఆలోచించారు. నిజంగానే ఆలోచించారు. రాఘవులుకి చెమట పట్టింది. చివరికి ఆడవాళ్ళనీ పిల్లల్నీ దూరంగా పంపేసి, పొయ్యి ఆర్పించి, గంగరాజు, రాఘవులు, తనూ పెరటి మధ్య కూర్చున్నారు. ఎంత వద్దన్నా వినకుండా గంగరాజు ముసలితల్లి కూడా వచ్చి చేరింది. ఆవిడ చేతివేళ్ళు భలే చురుకైనవి. ఒక్కొక్క గొట్టం విప్పడం, మందు తట్టలోకి దులపడం, కాగితం మోకాలికేసి సాపు చెయ్యడం. అరవై దాటిన జగ్గారావుగారు చిన్నపిల్లాడిలా వెలిగిపోతున్నారు. విప్పిన ప్రతి ముక్కా పైకి పాడుతున్నారు.

"ఇది ద్రౌపది. ఇదిగో, ఇది శకుని పాట. రాఘవులూ, ఇది చూడు, కల్యాణిలో మొదలుపెట్టి కొట్టేసి మోహనలో పెట్టేడు. మహానుభావుడు."

బుట్ట సగం ఖాళీ అయింది. ఏమడిగినా ముసలావిడ 'ఊ' తప్ప మాట్లాడడం లేదని రాఘవులు గమనించాడు.

"అమ్మా, దాహం వేస్తోందా?" అన్నాడు.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. ముక్కులోంచి సన్నగా పొగ వచ్చింది.

"అమ్మా," అన్నాడు గంగరాజు, కదలకుండా, చాలా నెమ్మదిగా. "నోట్లో చుట్ట ఉందా?"

ముసలావిడ నోరు తెరిచింది. అడ్డపొగ. నిప్పు లోపలికి పెట్టుకుని ఆవిడ అప్పటివరకూ మందు దులుపుతోంది.

ఆ తరవాత ఎవరు ఎటు గెంతారో ఎవరికీ సరిగ్గా గుర్తులేదు. రాఘవులు కళ్ళు తెరిచేసరికి తను గోడకవతల ఉన్నాడు. గంగరాజు తల్లిని ఎత్తుకుని వీధిలో ఉన్నాడు. జగ్గారావుగారు మాత్రం కాగితాల కట్టమీద బోర్లా పడుకుని, రెండు చేతులతో దాన్ని కావలించుకుని ఉన్నారు.

"ఆరిపోయిందండీ," అంది ముసలావిడ వీధిలోంచి, చుట్ట తీసి చూసుకుని, కాస్త దిగులుగా.

మర్నాడు మాణిక్యంగారిని ఇంటికి పిలిపించారు. ఆవిడ వచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది. సన్నగా, నిటారుగా ఉండే మనిషి. అరుగుమీద పరిచిన కాగితాలు చూసి మొహం తిప్పుకుంది.

"ఎందుకన్నయ్యగారూ ఈ చెత్త మళ్ళీ. ఆయన ఉన్నన్నాళ్ళూ నాకు మిగిల్చింది ఇదే. దీన్ని వండుకు తిననా?"

"అది కాదమ్మా. నీ సాయం కావాలి. కామేశంగారి రాత ఒక్క ముక్క చదవలేకపోతున్నాను."

"అదేంటండీ," అన్నాడు రాఘవులు. "నిన్న గంగరాజు పెరట్లో మొత్తం పాడి..."

జగ్గారావుగారి మడమ రాఘవులు కాలివేళ్ళమీద పడింది. ఆయన బరువు గురించి ముందే అనుకున్నాం కదా. రాఘవులు మిగతా మాట మింగేశాడు.

"వయసైపోయిందమ్మా, కళ్ళు ఆనడం లేదు," అన్నారాయన దీనంగా. "నువ్వు రోజూ వచ్చి ఇవి వరసలో పెట్టాలి. ఉద్యోగం. నెలకింతని ధాన్యం. మా ఇంట్లో ఉద్యోగస్తులు మధ్యాహ్నం ఇక్కడే భోంచెయ్యాలి. అది రూలు."

"ఎప్పట్నించండీ ఆ రూలు?"

"ఎప్పట్నించో ఉందమ్మా. అడుగు, మీ వదిన చెబుతుంది."

"ఆయ్, ఉందండీ," అంది సూర్యావతిగారు లోపల్నించి.

మాణిక్యంగారు నమ్మిందో లేదో తెలియదు. చాలాసేపు నిలబడి, చివరికి గడప దాటి కూర్చుని ఒక కాగితం చేతిలోకి తీసుకుంది.

రాఘవులు కాలు కుంటుకుంటూ వంటింటి గుమ్మం దగ్గరికి పోయాడు. "ఆయన అబద్ధం ఎందుకాడేరు వదినగారూ?"

"పోయిన నెల బియ్యం బస్తా పంపేరు. ఊరికే పుచ్చుకోనని తిప్పి పంపేసింది. ఆవిడ రెండుపూటలా తిని ఎన్నాళ్ళయిందో." సూర్యావతిగారు ఆకులో పప్పు వడ్డించి కిందికి చూస్తూ నవ్వింది. "ఈ ఊళ్ళో చెదలు చూసే ఉద్యోగం ఎక్కడైనా విన్నారా? మృదంగం వాయించే దేవదానంగారికి మా ఇంట్లో ఆ ఉద్యోగమే. చెయ్యి పడిపోయేక వాయించలేరు పాపం. రోజూ వచ్చి పెట్టెల కింద చూసి, చెదలు లేవని చెప్పి, భోంచేసి వెళ్తారు."

రాఘవులు గదిలోని పెట్టెల వైపు చూశాడు. పోయిన వానాకాలం నాటకాలు లేక తన ఇంట్లో పొయ్యి సరిగా వెలగని రోజుల్లో, జగ్గారావుగారు పిలిచి, పెట్టెలన్నిటిమీదా రంగుల్లో పేర్లు రాయించారు. అక్షరాలు బాగా రాలేదని చెరిపించి మళ్ళీ రాయించారు. సరిగ్గా వానలు ఆగేవరకూ రాయించారు.

"వదినగారూ, మరి అప్పుడు ఆ పేర్లు..."

"మీరు కూర్చోండి, పప్పు చల్లారిపోతుంది," అందావిడ.

ఇంతలో అరుగుమీద నుంచి మాణిక్యంగారి గొంతు వినిపించింది. మొదట చదువుతున్నట్టు, తరవాత కూనిరాగంలా, తరవాత నిజంగా పాటలా. చరణం చివర ఆగి, కాగితాల్లో వెతికి, దాని తరవాతి ముక్క పట్టుకుంది. ఏ ముక్కకూ అంకె లేదు. ఏది దేని తరవాత వస్తుందో జగ్గారావుగారికే కాదు, ఇప్పుడు ఈ లోకంలో ఆవిడకు తప్ప ఇంకెవరికీ తెలియదు. కామేశంగారు పాట కట్టిన ప్రతిసారీ మొదట వినిపించింది ఆవిడకే.

"ఏంటన్నయ్యగారూ ఇది? దమయంతి పాటని తీసుకెళ్ళి కీచకుడికి పెట్టేరు. ఇంతకాలం కాగితాలు దాస్తున్నానంటారు, ఇదేనా దాచడం?"

రాఘవులు తొంగిచూశాడు. అంత భారీ మనిషీ చేతులు కట్టుకుని, మొహమంతా నవ్వుతో ఆవిడ ముందు నిలబడి, "ఆయ్, తప్పేనమ్మా. ఆయ్, అలాగే," అంటున్నారు.