వియత్నాంలో మా పెద్దమ్మ చెల్లెలు

మా పెద్దమ్మ పోయింది. చోడవరం నుంచి విశాఖ ఆస్పత్రికి తీసుకెళ్తుంటే, అనకాపల్లి రాకముందే అంబులెన్సులో ఊపిరి ఆగిపోయింది. డ్రైవరు బండి పక్కకి తీసి, "ఏటి సెయ్యమంటారమ్మా? ముందుకెళ్లనా, ఎనక్కి తిప్పనా?" అని అడిగాడు. తిప్పమన్నాను.

మొగుణ్ణి పరాయి దేశంలో కాల్చేసి వచ్చిన మనిషిగానే మా ఊళ్లో చాలామందికి ఆవిడ తెలుసు. ఆ మాట వెనక జరిగింది నాకు తెలుసు కనక రాస్తున్నాను.

పెద్దమ్మ పోస్టాఫీసులో, పెద్దనాన్న కరెంటాఫీసులో పనిచేసి రిటైరయ్యారు. పిల్లలు లేరు. వీలైనప్పుడల్లా దేశాలు తిరిగేవారు. నేపాల్ చూశారు, శ్రీలంక చూశారు. పెద్దనాన్న గుళ్లకీ కోటలకీ ఫొటోలు తీస్తుంటే పెద్దమ్మ కూరగాయల బజారులో నిలబడేది. "కట్టడాలు ఫోన్లోనూ కనబడతాయే. ఆళ్లేటి వొండుకుంటన్నారో ఎల్తేగానీ తెలీదు" అనేది. ఎక్కడికెళ్లినా ముందు మనుషుల పేర్లు అడిగేది. తనకొచ్చినట్టు పలికి, వాళ్లు నవ్వి సరిదిద్దితే మళ్లీ పలికేది.

ఆఖరిసారి ఇద్దరూ కలిసి వెళ్లింది వియత్నాం, ఓ టూరు బృందంతో. సముద్రం ఒడ్డున ఓ చిన్న ఊళ్లో దిగారు. హోటలు ఎదురుగా కాఫీ కొట్టు. దాన్ని నడిపే ఆమె పెద్దమ్మకంటే చిన్నది, భర్త పోయిన మనిషి. ఆ సాయంత్రం పెద్దమ్మ నాకు ఫోన్ చేసి, "అదేటే, నన్ను సూసి మాటమాటకీ ఛీ, ఛీ అంటంది?" అంది. 'చి' అంటే వాళ్ల భాషలో అక్క అని గైడు చెప్పాక ఎంత నవ్విందో. "అలాగైతే నువ్వు నాకు సెల్లివి" అని ఆమెకి తెలుగులోనే చెప్పిందట.

మర్నాడు పొద్దున్న ఆ కొట్లోనే, కాఫీ తాగుతూ పెద్దనాన్న కుర్చీలోంచి పక్కకి ఒరిగిపోయాడు. కొట్టామె పరుగున వచ్చి గుండెమీద నొక్కింది, కేకలేసి బండి పిలిపించింది. ఆస్పత్రికి చేరేసరికే అంతా అయిపోయింది. తోటి ప్రయాణికులు పెద్దమ్మని పట్టుకుని ఏడ్చారు. తర్వాత టూరు బస్సెక్కి వెళ్లిపోయారు, గైడు కూడా. ఆస్పత్రి వరండాలో పెద్దమ్మా, కాఫీ కొట్టామే మిగిలారు.

శవాన్ని ఇంటికి తేవాలంటే ఎన్నాళ్లు పడుతుందో ఎవరూ చెప్పలేకపోయారు. మా నాన్న పెద్దనాన్నకి సొంత తమ్ముడు. "అన్నయ్యని ఎలాగైనా ఇక్కడికే తేవాలి. నా సేత్తో కొరివి ఎట్టాలి" అని పట్టుబట్టాడు. ఆ మాటే ఫోన్లో పెద్దమ్మకి చెప్పాను. 

"ఆయన్ని ఆ ఐసు పెట్టెలో ఎన్నాళ్లుంచమంటాడే మీ నాన్న? ఇక్కడే సేసేస్తన్నాను. అడగట్లేదు, సెప్తన్నానని సెప్పు."

పక్క పట్నంలో కరెంటు శ్మశానంలో దహనం జరిగింది. మీట పెద్దమ్మే నొక్కింది. అక్కడ చనిపోయినవాళ్ల సొంత మనుషులు తలకి తెల్లగుడ్డ కట్టుకుంటారట. కొట్టామె పెద్దమ్మ తలకి ఒకటి కట్టింది. చుట్టూ చూసింది. ఇంకెవరూ లేరు. రెండోది తన తలకే కట్టుకుంది. పెద్దమ్మ నాకీ సంగతి చాలాసార్లు చెప్పింది. 

అస్థికలతో తిరిగొచ్చిన రోజున నాన్న పదిమందిలో, "దిక్కులేని శవాన్ని తగలేసినట్టు తగలేసొచ్చింది" అన్నాడు.  ఒకే వీధిలో ఉంటూ ఆ ఇద్దరూ మళ్లీ మాట్లాడుకోలేదు.

మరుసటేడు పెద్దమ్మ నన్ను వెంటబెట్టుకుని ఆ ఊరికి వెళ్లింది. మా పక్క ఊరు వడ్డాదిలో కొన్న బెల్లం పట్టుకెళ్లింది. కొట్టామె ముక్క నోట్లో వేసుకుని, మమ్మల్ని వీధి చివర చెరుకురసం బండి దగ్గరికి లాక్కెళ్లింది. "ఏటే, ఇక్కడా సెరుకేనా!" అని పెద్దమ్మ ఆశ్చర్యపోయింది. ఆ ప్రయాణంలో ఆవిడ నవ్వింది అప్పుడే.

కొట్టు వెనక గదిలో గోడకి ఒక చెక్క అర. దానిమీద ఆమె భర్త ఫొటో పక్కన మా పెద్దనాన్న ఫొటో ఉంది. ముందు అగరొత్తులు, చిన్న గ్లాసులో కాఫీ.  "ఈ కాఫీ మా సెల్లి రోజూ ఎడతందంట. నాను ఏడాదికోపాలి, తద్దినానికే ఎడతన్నాను" అంది పెద్దమ్మ నాతో. ఏడవలేదు. కాఫీ చల్లారిందని ఆ గ్లాసు తీసి, వేడిది పోయించి పెట్టింది.

అంబులెన్సులో పెద్దమ్మని ఇంటికి తెచ్చిన రోజు నాన్న వచ్చాడు. గేటు దగ్గరే చాలాసేపు ఉండిపోయాడు. తర్వాత లోపలికొచ్చి, వదిన ముఖం చూసి, నా పక్కకొచ్చి అడిగాడు: "ఆ కొట్టావిడకి సెప్పేవా?"

చెప్పలేదన్నాను.

"సెప్పు. ఆవిడకి తెలియాల."

వీడియో కాల్ చేశాను. అక్కడ మధ్యాహ్నం, కొట్టు నిండా జనం. ఫోను పెద్దమ్మ వైపు తిప్పాను. కొట్టామె చూసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఫోను బల్లమీద గ్లాసుకి ఆనించి, కూర్చున్నవాళ్లతో ఏదో చెప్పింది. ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. ఆమె రెండు చేతులతో షట్టరు కిందికి లాగింది. నాన్న నా భుజం మీంచి చూస్తున్నాడు. తెరమీద చీకటి. షట్టరు కింద సన్నటి వెలుగు. దాని అవతల, వీధిలో, అటూ ఇటూ పోతున్న మనుషుల కాళ్లు.