చిన్నమావయ్య యుద్ధనౌక

ఆ రోజుల్లో భయపడటానికి మాకు పెద్ద కారణాలేమీ అక్కర్లేదు. కలకత్తా ఖిదిర్‌పూర్ రేవు క్వార్టర్లలో ఉండే తెలుగు కుటుంబాలు భయాన్ని కూడా ఉప్పూ చింతపండులాగా ఇంట్లో నిల్వ ఉంచుకునేవి. కరెంటు పోతే భయం, పోయిన కరెంటు ఒక్కసారిగా వస్తే ఏం కాలిపోతుందోనని భయం. ఎర్రజెండాల ఊరేగింపు మా వీధిలోకి వస్తే భయం, రాకుండా పక్క వీధిలోంచి వెళ్లిపోతే మన మీద ఏదైనా కోపమొచ్చిందేమోనని ఇంకో భయం. ఈ విద్యలో మా క్వార్టర్లన్నిటికీ నేనే మొదటిదాన్ని. (పరీక్షల్లో ఎన్నడూ దక్కని స్థానం ఇందులో అడక్కుండానే దక్కింది.) అలాంటి నేను పదిహేడో ఏట ఒక యుద్ధనౌకను తయారుచేశానంటే, ఇప్పుడు సాల్ట్ లేక్‌లో మా ఆఫీసు పిల్లలెవరూ నమ్మరు. లిఫ్టులో ఒంటరిగా ఎక్కడానికి జంకే మేడమ్‌ను చూసి ఎలా నమ్ముతారు పాపం!

దీనికంతటికీ మూలపురుషుడు మా చిన్నమావయ్య. అమ్మకి ఆఖరి తమ్ముడు. భీమిలి నుంచి ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చి, ఓడలు బాగుచేసే చిన్న కార్ఖానాలో పటాలు గీసే పనికి కుదిరి, మా ఇంట్లోనే ఉండేవాడు. పెద్ద పెద్ద ఫిరంగులుండే పాతకాలపు యుద్ధనౌకలంటే ఆయనకి ప్రాణం. అవన్నీ తుక్కు ఇనుముగా అమ్ముడైపోయాయని, సొంత మేనత్తలు పోయినంత బెంగ. అన్నం తింటూ తింటూ చెయ్యి ఆపేసి మొదలుపెట్టేవాడు. "ముసిలోడైపోనాడని మనిషిని ఇరగ్గొట్టేత్తామేటి? కళ్లజోడు ఎడతాం, పళ్లు కట్టిత్తాం. ఓడకి మాత్రం అదెందుకు సెయ్యకూడదు?" మా అమ్మ కూర గిన్నె మూతపెడుతూ, "ముందు నువ్వు అన్నం తిను బాబూ, ఓడ ఎక్కడికీ పోదు" అనేది.

ఆయన ఊహలో ఆ ఓడకి వెనకవైపు ఫిరంగులు తీసేసి హెలికాప్టర్ దిగే చోటు పెట్టాలి. నడుం దగ్గర క్షిపణుల గూళ్లుండాలి. పైన కొత్తరకం రాడార్లు తిరగాలి. అలాంటి ఓడ ఏ సముద్రంలోనూ లేదు. లేదు కాబట్టే నమూనా చేసి లోకానికి చూపించాలని ఆయన పట్టుదల. పటమంతా కొలతలతో చక్కగా గీశాడు గానీ, చిన్న ముక్కలు అంటించడానికి ఆయన వేళ్లు పనికొచ్చేవి కావు. అరటికాయల్లాంటి వేళ్లు. అందుకని పని నా మీద పడింది. సన్నటి వేళ్లున్నాయని నన్నెవరైనా మెచ్చుకోవడం అదే మొదటిసారి. ఆ ఒక్క మాటకే పడిపోయాను.

టీ ఆకు పెట్టెల పలక చెక్కతో నాలుగడుగుల ఓడ శరీరం చేశాం. నీళ్లు దూరకుండా లోపల తారు పూశాం. ఖాళీ పెన్ను రీఫిళ్లు ఫిరంగులయ్యాయి, విరిగిన గొడుగు కడ్డీ స్తంభమైంది. హోమియోపతి మాత్రల చిన్న సీసాలకి బూడిదరంగు వేస్తే అచ్చం క్షిపణుల్లాగే ఉండేవి. (మా వీధిలో సగం మందికి ఏదో ఒక జబ్బుండేది కాబట్టి క్షిపణులకి కొదవలేదు.) రాడార్ కోసం మావయ్య టీ వడపోసే జల్లెడలోంచి ఒక ముక్క కత్తిరించాడు. టీలో ఆకులెందుకు తేలుతున్నాయో అమ్మకి చాలా రోజులు అంతుపట్టలేదు. సాయంత్రాలు నేను పట్టకారుతో రెయిలింగు పుల్లలు నిలబెడుతుంటే మావయ్య ఊపిరి బిగపట్టి దీపం పట్టుకునేవాడు. ఆ కాసేపూ నాకు దేనికీ భయమేసేది కాదు. ఇది నాకే వింతగా ఉండేది.

ఆ వింత ఎంతోకాలం నిలవలేదు. ఒకరోజు రేవు వంతెన దగ్గర ఒక నావికాదళం ఓడ ఆగిందని తెలిసి, దాని రాడార్ ఎలా ఉందో చూసి రమ్మని మావయ్య నన్ను పంపించాడు. నేను వంతెన మీద నిలబడి మెడ సాచి చూస్తుంటే కాపలా మనిషి, "ఏయ్, కీ దేఖ్‌ఛో?" అని కేకేశాడు. ఏం చూస్తున్నావని అడిగాడంతే. ఆ అబ్బాయి నా ఈడువాడే, బహుశా మాట్లాడటానికి ఎవరూ లేక అడిగుంటాడు. నేను మాత్రం చెప్పులు చేత్తో పట్టుకుని ఇల్లు చేరేదాకా పరిగెత్తాను.

పక్కింటి అత్తకి విషయం చెప్పడం నా తెలివితక్కువ. ఆవిడ గుండెమీద చెయ్యేసుకుని, "ఓలమ్మో! రేవు పక్కన కూకొని యుద్ధం ఓడలు సేత్తన్నారా! గూఢచారులని అట్టుకుపోతారే గుంటా! మీ నాన్న ఉజ్జోగం ఏటవుతాదో ఆలోసించినావా?" అంది. నాన్న రేవులో క్రేన్ నడిపేవారు. ఆ ఉద్యోగంతోనే క్వార్టరు, క్వార్టరుతోనే మా బతుకు. అది నేను ఆలోచించలేదు. ఆ తర్వాత ఇంకేమీ ఆలోచించలేకపోయాను.

సరిగ్గా ఆ వారంలోనే, భుజాన జోలె సంచి వేసుకున్న ఒక బెంగాలీ మనిషి, వీధి చివర టీ దుకాణంలో మా గురించి ఆరా తీశాడు. "ఇక్కడ ఎవరో తెలుగువాళ్లు యుద్ధనౌక కడుతున్నారట, వాళ్ల ఇల్లెక్కడ?" అని. మళ్లీ రెండు రోజులకి వచ్చి మా కిటికీ వైపు చూసి వెళ్లాడు. పక్కింటి అత్త తేల్చి చెప్పింది: "సాదా బట్టల పోలీసే. ఆ సంచి సూసినావా?" (కలకత్తాలో అలాంటి సంచి లేని మగవాణ్ణి వెతకాలంటే కష్టం. అయినా ఆ క్షణంలో ఊళ్లో ప్రతి సంచీ నాకు తుపాకీ ఒరలాగే కనిపించింది.) అంతవరకూ లోకానికి చూపిస్తానన్న మావయ్య మంచం కింద ఓడ మీద గోనెపట్టా కప్పి, దాని పక్కనే తనూ పడుకున్నాడు.

నాన్నకి విషయం తెలిసింది. ఆయన మామూలుగానే తక్కువ మాట్లాడతారు. ఆ రోజు ఇంకా తక్కువ మాట్లాడారు. "ఇరగ్గొట్టియ్యండి" అన్నారు. అని, డ్యూటీకి వెళ్లిపోయారు. మావయ్య సుత్తి తెచ్చి నా చేతిలో పెట్టాడు. నేను మళ్లీ ఆయన చేతిలో పెట్టాను. అలా కాసేపు సుత్తిని ఒకరికొకరం ఇచ్చుకున్నాక మా అమ్మ దాన్ని లాక్కుని, "ఇద్దరికీ సేతకాదని తెలిసిందిగదా, ఇంక లెగండి" అంది.

అమ్మ ప్రతి శనివారం మధ్యాహ్నం మా తెలుగు చర్చి ఊడ్చి తుడిచేది. తాళంచెవి ఆవిడ దగ్గరే ఉండేది. మా చర్చిలో వేదిక ముందు, నేలలోకి కట్టిన బాప్తిస్మపు తొట్టి ఉంటుంది. ఎవరికైనా బాప్తిస్మమిచ్చే రోజున తప్ప అందులో నీళ్లుండవు, పైన చెక్క పలకలు మూసే ఉంటాయి. "దేవుడి ఇంట్లోకి పోలీసులు రారు. నాలుగు రోజులు అక్కడ ఉంచీసి, గొడవ సల్లారేక తెచ్చుకుందాం" అంది అమ్మ. మాకు అంతకంటే మంచి ఉపాయం తట్టలేదు.

ఓడని తెల్ల దుప్పటిలో చుట్టి, ముందు మావయ్య, వెనక నేను పట్టుకుని బయల్దేరాం. అమ్మ తలమీద కొంగు వేసుకుని పక్కనే నడిచింది. నాలుగడుగుల పొడవు, తెల్లదుప్పటి, మా ముగ్గురి మొహాలు. వీధి మలుపు తిరిగేసరికి మనుషులు పక్కకి తప్పుకోవడం మొదలైంది. రిక్షా లాగే అతను ఆగి నమస్కారం పెట్టాడు. ఒక ముసలి మాషీమా, అంటే బెంగాలీ పిన్ని, అమ్మ భుజం మీద చెయ్యి వేసి, బిడ్డకి ఎంత వయసని బెంగాలీలో అడిగింది. బిడ్డ కాదని చెబితే మరి ఏమిటని అడుగుతుంది. అమ్మ తల దించుకుంది, మాషీమా కళ్లొత్తుకుంది. దుప్పటి కొనలోంచి గొడుగు కడ్డీ బయటికి పొడుచుకొస్తోంటే దాన్ని నా బొజ్జతో లోపలికి నొక్కుకుంటూ నేను నిజంగానే ఏడుస్తున్నాను. చూసేవాళ్లకి ఇంక అనుమానం ఎక్కడుంటుంది?

ఓడని తొట్టిలో దించి పలకలు మూసేశాం. ఆ రాత్రి అందరం బాగా నిద్రపోయాం.

ఆదివారం చర్చిలో అడుగుపెట్టగానే నాకు నీళ్ల చప్పుడు వినిపించింది. మొదట నా భయమే అలా వినిపిస్తోందనుకున్నాను. కాదు. పలకల సందులోంచి తొట్టిలోకి ఒక రబ్బరు గొట్టం దూరి ఉంది. సంఘపెద్ద చేతులు నలుపుకుంటూ అందరికీ సంతోషంగా చెబుతున్నారు: ఓడల్లో వంటపని చేసే మా తెలుగబ్బాయి ఒకడు మర్నాడే సముద్రం మీదికి వెళ్లాలట, అందుకని పాస్టరు అయ్యగారు ఈ వేళే బాప్తిస్మం ఇచ్చేస్తారట. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ బైబిలు తలకిందులుగా పట్టుకుని ఉంది. మగవాళ్ల వైపు మావయ్య అప్పటికే నాన్న పక్కనుంచి తలుపుకి దగ్గరగా జరిగిపోయాడు. ఆ తలుపులోంచి, చెప్పులు విడిచి, భుజాన జోలె సంచితో ఆ మనిషి లోపలికి వచ్చి వెనక బల్ల మీద కూర్చున్నాడు.

ఆ రోజు ప్రసంగం దేని గురించో నన్నడగకండి. గొట్టం కట్టేశారు, పాటలు పాడారు, ప్రార్థన చేశారు, నాకు మాత్రం పలకల కింద నుంచి టక్, టక్‌మని చిన్న చప్పుడే వినిపిస్తోంది. గొడుగు కడ్డీ చెక్కకి కొట్టుకుంటున్న చప్పుడది. అయ్యగారు తెల్లటి అంగీ వేసుకుని వచ్చారు. వంట కుర్రాడు పక్కన నిలబడ్డాడు. సంఘపెద్దలు పలకలెత్తారు.

బూడిదరంగు యుద్ధనౌక నిటారుగా తేలుతూ కనిపించింది. దాని ముందు ఫిరంగులు సరిగ్గా అయ్యగారి నడుముకి గురిపెట్టి ఉన్నాయి. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నీళ్లలో ఉన్న అయ్యగారు అలాగే ఉండిపోయారు. నీళ్ల మీద రెండు మూడు క్షిపణులు ఊడిపోయి తిరుగుతున్నాయి. వెనక ఆ మనిషి లేచి నిలబడ్డాడు.

"ఇది... ఎవరిది?" అన్నారు అయ్యగారు.

ఉద్యోగం, క్వార్టరు, మా సామాన్లు వీధిలో, నేను జైల్లో, అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. అప్పుడు మగవాళ్ల వైపు ఒక బల్ల కిర్రుమంది.

"నాదండి, అయ్యగారూ" అన్నారు నాన్న.

ఆయన ముందు బల్ల అంచుని పట్టుకుని నిలబడ్డారు. ఆ చేతి వణుకుకి బల్ల మీదున్న పాటల పుస్తకాలు కూడా వణుకుతున్నాయి. విరగ్గొట్టమన్న మనిషి. పోలీసు వెనకే ఉన్నాడని తెలిసిన మనిషి. "మా ఇంట్లోనే సేసినాం. నాకు తెలిసే సేసినారు. ఏటడిగినా నన్నే అడగండి" అన్నారు. ఆయన అంత పొడుగు మాట మాట్లాడటం ఎవరూ వినలేదు.

అప్పుడు తలుపు దగ్గర నుంచి ఒక వెర్రికేక. "తేలిందే! సూడే గుంటా, ఒక్క పక్కకీ ఒరగలేదే!" మావయ్య పారిపోవడం మర్చిపోయి తొట్టి దాకా పరిగెత్తుకొచ్చాడు. నిజమే. దాన్ని నీళ్లలో వేసి చూసే ధైర్యం మాకు ఎప్పుడూ లేకపోయింది. ఇప్పుడది గీత గీసినట్టు నిలబడి ఉంది. సంఘంలో ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు.

జోలె మనిషి మెల్లగా నడిచి వచ్చాడు. తొట్టి అంచున మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు చూశాడు. తర్వాత తలెత్తి బెంగాలీలో అడిగాడు, "వెనక ఫిరంగులేవి?"

పోలీసులు అడిగే ప్రశ్న ఇలా ఉంటుందని నేననుకోలేదు. నాకు తెలియకుండానే జవాబు వచ్చేసింది. గబగబా చెప్పాను: అవి తీసేశాం, అక్కడ హెలికాప్టర్ దిగుతుంది, బరువు సరిపోవడానికి లోపల సీసం ముక్కలు పెట్టాం. ఆయన తలూపుతూ విన్నాడు. "ఖూబ్ షుందొర్" అన్నాడు. చాలా బాగుందని. ఆయన పక్క వీధి క్లబ్బులో పిల్లలకి బొమ్మలు గీయడం నేర్పే మాస్టారు. చేత్తో చేసిన వస్తువుల ప్రదర్శన పెడుతున్నారు. మా మావయ్య టీ దుకాణంలో కొట్టిన డబ్బా విని ఓడ కోసం తిరుగుతున్నాడు. ఆదివారం మేం చర్చిలో దొరుకుతామని క్వార్టర్లలో చెప్పారట.

అయ్యగారు ఓడని స్వయంగా ఎత్తి, నీళ్లు కారుతుండగా నాన్న చేతుల్లో పెట్టారు. బాప్తిస్మం జరిగింది. వంట కుర్రాడు నీళ్లలోంచి పైకి లేచినప్పుడు అతని జుట్టులో ఒక క్షిపణి ఇరుక్కుని ఉంది. అతను దాన్ని గుర్తుగా సముద్రం మీదికి పట్టుకెళ్లాడని విన్నాను.

ప్రదర్శనలో మా ఓడ కింద యుద్ధం వద్దు, శాంతి కావాలి అని పెద్ద అక్షరాలతో బెంగాలీలో రాసి పెట్టారు. మావయ్య ఒకరోజు అలిగాడు. రెండో రోజు నుంచి ఆ బోర్డు పక్కనే నిలబడి, క్షిపణులు ఎటు పేలతాయో వచ్చినవాళ్లందరికీ చేతులూపుతూ వివరించాడు. బహుమతి అగ్గిపుల్లలతో చేసిన హౌరా వంతెనకి వెళ్లింది. (ఆ ఊళ్లో దానికి కాక ఇంకెవరికి ఇస్తారు?)

చాలా ఏళ్ల తర్వాత, నాన్న రిటైరయ్యాక, ఒక సాయంత్రం అడిగాను. "అంత భయపడ్డారు గదా, ఆ రోజు ఎలా లేచారు నాన్నా?"

ఆయన ఆశ్చర్యంగా నా వైపు చూశారు. "భయమేసే లేచినానే. నువ్వెక్కడ లేచీసి నాదని ఒప్పేసుకుంటావోనని. నువ్వసలే మొండిదానివి. నీకంటే ముందు లేవాలి గదా!"

ఆ క్షణంలో నా కాళ్లు నడుం దాకా చచ్చుబడిపోయి ఉన్నాయని, ఇల్లు కూలినా లేచేదాన్ని కాదని ఆయనకి చెప్పలేదు. మా నాన్న చూసిన ఆ మొండి పిల్ల ఎవరో నాకు తెలియదు. ఆయన చెప్పాక మాత్రం, ఆమె మీద నాకు చాలా ఇష్టం ఏర్పడిపోయింది.