కదిలిన పేషెంటు

ఉద్యోగమంతా ఎక్స్‌రే గదిలో "ఊపిరి బిగబట్టండి, కదలకండి" అంటూ గడిపిన ఆ పెద్దమనిషి, రిటైరయ్యాక అదే మాట సీతాకోకచిలుకలకు చెబుతున్నాడు. పెరట్లో వాడిపోతున్న బంతిమొక్కల ముందు స్టాండు మీద కెమెరా నిలబెట్టి, మోకాళ్లు కటుక్కుమంటుండగా చతికిలబడి, చివరికి ఊపిరి తానే బిగబడతాడు. ఆయన ఊపిరి వదిలేసరికి సీతాకోకచిలుక ఎగిరిపోతుంది. ఇంతవరకు తీసినవన్నీ ఖాళీ పువ్వుల ఫొటోలే. అవి మాత్రం దివ్యంగా వచ్చాయని తనే చెప్పుకుని నవ్వుకుంటాడు.

"రేపు ఈ మొక్కలు పీకేస్తున్నాను. మీ పేషెంట్లను ఈలోగానే చూసుకోండి," అంది భార్య. ఆ సాయంత్రం నారింజరంగు రెక్కలదొకటి వచ్చి, మిగిలిన పువ్వులన్నీ వదిలేసి, సరాసరి కెమెరా మూతి మీదే వాలింది. ఇక దేనితో తీస్తాడు? "ఇదిగో, నీ ఫోను తే!" అన్నాడు పెదవి కదపకుండా. ఆవిడ పిల్లిలా వచ్చి, "ఊపిరి బిగబట్టండి, కదలకండి," అంది, అచ్చం ఆయన గొంతుతో. ఆయనకు నవ్వాగలేదు.

ఫొటోలో సీతాకోకచిలుక రెక్కల చుక్కలతో సహా పడింది. దాని వెనక ఆయన మాత్రం ఉత్త మసక. అలవాటుకొద్దీ ఫోనును వెలుతురుకెత్తి చూసి, "పేషెంటు కదిలాడు. మళ్లీ తియ్యాలి," అన్నాడు.

"సరే, మొక్కలు ఇంకో వారం ఉంటాయి లెండి," అంది ఆవిడ.