బర్రె సారు క్లాసు బంద్ పెట్టొద్దు

నిన్న పొద్దున ఆదిలాబాద్ బస్సు కండక్టరు మా వాకిట్లో నిలబడి, "అవ్వా, రాజేశం సారు ఇగ లేడు" అన్నాడు.

పరీక్షల డ్యూటీకి పోయిన కొడుకు. జ్వరమట.

నమ్మలేదు. ఆయన్నే తిట్టాను.

మధ్యాహ్నం జీపులో తెచ్చారు.

కాలేజీ గోడకు ఈ కాగితం అంటించమన్నది నేనే, రాజేశం తల్లిని. నా చదువు మూడో తరగతి. తప్పులుంటే ఉండనీయండి.

నిన్న లెక్చరర్లంతా వచ్చారు. "గొప్ప మేధావి" అన్నారు.

బతికున్నప్పుడు "బర్రె సారు" అన్నది మీరే కదా?

సైన్సు పిల్లలకు వాడు ఎకనామిక్స్ చెప్పేవాడు. మాకెందుకిది అని వాళ్లు క్లాసులో నిద్రపోయేవారు. అందుకే పశువుల అంగడికి తీసుకుపోయాడు.

అక్కడ బేరం నోటితో చెయ్యరు. తువ్వాల కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటారు. పక్కవాడికి తెలియదు.

"ధర తెల్సినోడెవడు, తెల్వనోడెవడు? ఎవడు మునుగుతడో చూడుండ్రి" అని పిల్లలతో అన్నాడట.

కెమిస్ట్రీ పిల్లవాడొకడు సరదాకు బర్రెనమ్మే ఒక రైతు తువ్వాల కింద చెయ్యి పెట్టి వేళ్లు నొక్కాడు.

బేరం ఖాయమైపోయింది!

సాయంత్రం ఆ రైతు బర్రెను తెచ్చి కాలేజీ గేటుకు కట్టేశాడు. "మాటంటే మాటే సారూ. మీ పోరడు చెయ్యి కలిపిండు."

రాజేశం కాదనలేదు. జీతం పెట్టి కొని ఇంటికి తోలుకొచ్చాడు. "పోరగాండ్లకు పాఠం ఎక్కిందే అవ్వా. గిది పాలు గూడ ఇస్తది" అని ఒకటే నవ్వు.

మీరేమో స్టాఫ్ రూములో వాణ్ని చూడగానే బర్రెలా అరిచేవారు. దాని పాలతో నేను పెట్టిన చాయ్ తాగి వెళ్లి మరీ అరిచారు.

నిన్న నా కొడుకు ఇంకా వాకిట్లో ఉండగానే, ఎకనామిక్స్ పెద్దసారు పక్కాయనతో అన్న మాట నా చెవిన పడింది.

"ఇగ గా సైన్సోళ్ల క్లాసు బంద్ పెడుదాం. పీడ పోతది."

పీడనా?

పోయిన వారం ఒళ్లు కాలిపోతున్నా ఆ క్లాసుకే పోయాడు. వద్దంటే, "నేను పోకుంటే గా టైము కెమిస్ట్రీ సారు గుంజుకుంటడే అవ్వా" అన్నాడు.

సంతాప సభ పెడతారట. నన్ను స్టేజీ మీద కూర్చోబెడతారట. నేను రాను. మీ దండలు మీరే వేసుకోండి.

సోమవారం ఆ క్లాసు ఉంది. ఎవరో ఒకరు లేచి పాఠం చెప్పండి. లేదంటే ఆ బర్రెను మళ్లీ గేటుకు కట్టేస్తాను. ఈసారి నేనే.

పో బిడ్డా. జ్వరం లేని చోట, నిన్ను చూసి నవ్వేవాళ్లు లేని చోట నిమ్మళంగా పడుకో.

నీ క్లాసును ఎవరినీ గుంజుకోనివ్వను.