సంగారెడ్డి బజారులో వద్దన్న రొట్టె

మా ఫ్రిజ్‌లో ఉన్న ఆపిల్ పండు నాకంటే ఎక్కువ దేశాలు తిరిగి వచ్చిందని తెలిసిన రోజున నాకు రోషం పుట్టుకొచ్చింది. ఇకపై నలభై కిలోమీటర్ల లోపల పండిందే తింటానని తెల్లాపూర్‌లో మా ఇరవై రెండో అంతస్తు బాల్కనీలో, మబ్బులకు తల తగలకుండా కాస్త వంగి నిలబడి, ప్రతిజ్ఞ చేశాను.

"ముందు ఆ ఆపిల్ సంగతి చూడండి" అంది మా ఆవిడ. తినేశాను.

మర్నాడు ఆదివారం. ఆరుంపావుకు ఆటో, ఏడింటికి పటాన్‌చెరులో సంగారెడ్డి బస్సు. టికెట్ నలభై రూపాయలు. నా పక్కన రాత్రి డ్యూటీ దిగి ఇంటికి పోతున్న ఫ్యాక్టరీ మనిషి. నా ఒళ్లోని ఆరు సంచులు చూసి, "ఇంట్ల పెండ్లి ఉన్నదా అన్నా?" అన్నాడు.

"కాదు, కూరగాయలకి."

"ఎంతమంది తింటరు?"

"ఇద్దరం."

జాలిగా చూసి నా భుజం మీద నిద్రపోయాడు. సంగారెడ్డి దాకా ఆ తల బరువు పెరుగుతూనే పోయింది. దిగేటప్పటికి నేను రెండంగుళాలు పొట్టివాడినయ్యాను.

ఎనిమిదింపావుకు రైతుబజారు. టిఫిన్ కావాలనే మానేశాను, స్థానికంగా ఏది దొరికితే అది తిందామని. గేటు బయట గోనెపట్టా మీద ఆకుకూరలు పెట్టుకుని ఒకావిడ కూర్చుంది. పేరు సత్తెమ్మ. నా వయసే ఉంటుంది. తోటకూర, పాలకూర, గంగవాయిలి కూర. ఆ పచ్చదనం చూసి చౌరస్తాలో సిగ్నల్ లైటు సిగ్గుతో ఎర్రబడింది. ఆ మాటే గట్టిగా అన్నాను. నా పొగడ్తలకు వందమంది పోగయ్యారు. మా ఆవిడ ఉంటే ఆరుగురనేది.

సత్తెమ్మ మురిసిపోయి టిఫిన్ డబ్బా తీసింది. జొన్నరొట్టె, మీద గంగవాయిలి పప్పు. "తిను సారూ, పొద్దుగాల చేసిన."

చెయ్యి చాపాను. చాపుతూ, ప్రతిజ్ఞ గుర్తొచ్చి, "ఏ ఊరమ్మా మీది?" అన్నాను.

"గీడనే."

"ఈడనే అంటే ఏ ఊరు?" అక్కడ ఆగితే సరిపోయేది. కిలోమీటర్లు లెక్క చూసుకోవాలి కదా, మళ్లీ అడిగాను.

ఆమె గొంతు తగ్గించి, "గడ్డపోతారం దిక్కు" అంది.

"గడ్డపోతారమా, అయితే నలభై లోపలే" అని సంతోషంగా, మైకు మింగిన గొంతుతో, బజారంతటికీ చాటాను.

చేతిలో రెండు కట్టలు పట్టుకున్న ఒక ఆడమనిషి ఆగింది. "మందుల కంపెనీల గలీజు నీళ్లు గాడనే గదా ఇడిసేది?"

"మా చేను కంపెనీలకు ఎగువకున్నది. గీ కూర మా ఇంటిల్లిపాది తింటం" అంది సత్తెమ్మ. నా వైపు తిరిగి, "తిను సారూ" అంది మళ్లీ.

అందరూ నా చేతినే చూస్తున్నారు. అది రొట్టెకు జానెడు దూరంలో ఆగిపోయింది.

"ఇప్పుడే టిఫిన్ చేసి వచ్చానమ్మా" అన్నాను.

నవ్వించడానికి నేను ఇన్నేళ్లుగా ఆడిన అబద్ధాలు లారీకెక్కిస్తే లారీ కుంగుతుంది. వాటిలో ఒక్కటీ ఎవరి పొట్టా కొట్టలేదు. ఇది ఒక క్షణంలో కొట్టింది. ఆ ఆడమనిషి కట్టలను రెండు వేళ్లతో కింద పెట్టి వెళ్లిపోయింది. మిగతావాళ్లూ ఆమె వెనకే.

"పటాన్‌చెరుల ఊరడుగుతరనే రెండు బస్సులు మారి ఈడిదాంక వస్త" అంది సత్తెమ్మ, నా మొహం చూడకుండా.

పక్కన నిమ్మకాయలమ్మే ఖాజా భాయ్ నాకేసి తిరిగాడు. "ఆమె ఈడికొచ్చి మూడు నెలలాయె సాబ్, ఒక్కలు ఊరు అడగలే. మీకేం పరేషాన్ వచ్చింది?"

"అన్నీ నేనే తీసుకుంటానమ్మా" అన్నాను.

"తింటవా?"

ఆరు సంచుల్లో ఒకదాని నోరు తెరిచి పట్టుకున్నాను.

"పారబోసేటోనికి ఇయ్య" అని ఆమె డబ్బా మూత పెట్టేసింది. కూరలు గంపలో సర్ది, తడి గోనెపట్టా కప్పి, నెత్తికెత్తుకుంది.

పది గంటల పటాన్‌చెరు బస్సులో ముందు సీట్లో ఆమె, కాళ్ల దగ్గర గంప. నేను ఆ బస్సు ఎక్కలేదు. పదీ నలభై బస్సు ఎక్కాను. సీట్లన్నీ ఖాళీ, నా ఆరు సంచులూ ఖాళీ. ఆ చేలో నీళ్లు ఎలాంటివో నాకు తెలియదు. తెలుసుకోవాలంటే పక్కకు పిలిచి మెల్లగా అడిగి ఉండొచ్చు. ఒక్క తునక నమిలి మింగి ఉండొచ్చు. నలభై కిలోమీటర్లు కొలిచిన నేను ఆ జానెడు దాటలేకపోయాను.

మీరు వెళ్తే ఎనిమిది లోపు చేరండి, కూరలు తాజాగా ఉంటాయి. గేటు బయట సత్తెమ్మ కోసం మాత్రం చూడకండి. తర్వాతి ఆదివారం నేను మళ్లీ వెళ్లేసరికి ఆమె జాగా దాకా ఖాజా భాయ్ నిమ్మకాయలు పరిచేశాడు. తిరుగు బస్సుకు ముందు, ఆమె ఇప్పుడు ఎక్కడ కూర్చుంటోందని అడిగాను.

"మీకు చెప్ప, సాబ్" అన్నాడు, నిమ్మకాయలు తుడుస్తూ.